గ్రహణం మొర్రి

పై పెదవి తెగినట్టుగా పుట్టిన బిడ్డకు గ్రహణం మొర్రి అంటారు మనవాళ్లు. ఈ మాటలో రుగ్మత పేరు ఒక్కటే లేదు, దాని కారణం కూడా ఉన్నది. ఇంకొంచెం పరిశీలిస్తే ముద్దాయి ఎవరో కూడా తెలుస్తుంది. గ్రహణం దానంతటది వచ్చి బిడ్డ పెదవి కొయ్యదు. గ్రహణం పట్టి ఉండగా గర్భిణీ స్త్రీ బయట తిరిగిందనీ, కత్తిపీట ముట్టుకున్నదనీ, కూర తరిగిందనీ, ఆ కోత లోపలి బిడ్డకు తగిలిందనీ దీని భావం. కారణమూ, నేరమూ, తీర్పూ రెండు ముక్కల మాటలో ఇమిడిపోయాయి. ఈ మాట వాడేవాడు తాను తీర్పు చెబుతున్నానని అనుకోడు. వాడుకలో నలిగిన మాటలతో వచ్చే ప్రమాదమే అది.

ఈ మాటను విమర్శకు పెట్టటానికి నాకు రెండు కారణాలున్నాయి. ముప్పై ఏళ్లకు పైగా డిగ్రీ విద్యార్థులకు జంతుశాస్త్రం బోధించాను. అందులో పిండోత్పత్తి పాఠం ఎప్పుడూ నాదే. రెండో కారణం, 1955 అక్టోబరులో నేను గ్రహణం మొర్రితో పుట్టాను. పెదవే కాదు, అంగిలి కూడా కలవలేదు. అట్లాంటి బిడ్డ చన్ను పట్టి పాలు లాగలేడు. మా అమ్మ పాలు పిండి ఉగ్గుగిన్నెతో నెలల తరబడి చుక్కచుక్కగా పోసి నన్ను బతికించింది. పదకొండో ఏట పెద్దాసుపత్రిలో నా పెదవీ అంగిలీ కుట్టారు. మీసం వచ్చాక కుట్టు కనపడటం తగ్గింది గాని, మాటలో ముక్కు ధ్వని మాత్రం మిగిలిపోయింది.

మా అమ్మ మీద మోపిన నేరం ఇది. 1955 జూన్ 20న సూర్యగ్రహణం పట్టింది. ఇరవయ్యో శతాబ్దంలో అన్నిటికన్నా ఎక్కువసేపు నిలిచిన సంపూర్ణ గ్రహణం అదే. శ్రీలంకలోనూ, థాయిలాండులోనూ, ఫిలిప్పీన్సులోనూ సంపూర్ణంగా కనిపించింది, మనకు పాక్షికం. అప్పుడు మా అమ్మకు అయిదో నెల. పొలం పోయేవాళ్లకు అన్నాలు కట్టే తొందరలో, విడుపు కాకముందే ఆమె కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరగటం మా నాయనమ్మ చూసింది. నేను పుట్టగానే ఆ రోజు జ్ఞాపకానికి వచ్చింది. ఆ తరవాత ఇంట్లో ఏ తగవు వచ్చినా చివరకు ఆ వంకాయల దగ్గరికే చేరేది. మా అమ్మ ఎదురు చెప్పేది కాదు. ఆమె కూడా నమ్మింది గనక.

ఈ నేరారోపణను ఎట్లా విచారించాలి? దేవుణ్ణీ దయ్యాన్నీ గురించి వాదించనక్కర లేదు. ఏ న్యాయస్థానంలోనైనా మొదట అడిగే ప్రశ్న తేదీ. పెదవి తయారైంది ఎప్పుడు? గ్రహణం పట్టింది ఎప్పుడు? ఇందుకు పిండశాస్త్రం దగ్గర నిక్కచ్చి అయిన సమాధానం ఉన్నది.

అండమూ శుక్రకణమూ కలిసిన తరవాత నాలుగో వారం చివరకు పిండం మినపగింజంత ఉంటుంది. దానికి ముఖం లేదు. ముఖం రావలసిన చోట ఒక గుంటా, దాని చుట్టూ అయిదు బొడిపెలూ ఉంటాయి. పైన ఒకటి, పక్కల రెండు, కింద రెండు. ఈ బొడిపెల్లో నిండే కణాలు చాలావరకు అక్కడ పుట్టినవి కావు. మెదడూ వెన్నుపామూ కాబోయే నాడీనాళం ఒకటి ఉంటుంది. దాని అంచుల నుంచి బయలుదేరి, పొరల సందున దారి చేసుకుంటూ వలస వచ్చిన కణాలవి. మన ముఖంలోని ఎముకలు చాలావరకు ఈ వలసకణాల సంతానమే.

అయిదో వారంలో పై బొడిపె మీద రెండు ముక్కుగుంటలు ఏర్పడతాయి. ఒక్కొక్క గుంటకూ లోపల ఒక గట్టు, బయట ఒక గట్టు. పక్క బొడిపెలు పెరుగుతూ లోపలి గట్లను నడిమికి నెడతాయి. ఆరు, ఏడు వారాల్లో పక్క బొడిపె లోపలి గట్టును తాకి దానితో అతుక్కుంటుంది. అతుక్కోవటానికి తాకటం ఒక్కటే చాలదు. రెండింటి మధ్యా ఉన్న పైపొర తొలగిపోవాలి, అందులోని కణాలు కొన్ని చావాలి. అప్పుడు లోపలి కణజాలాలు ఏకమై పై పెదవి అవుతుంది. అప్పటికి పిండం పొడవు రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. అంగిలి సంగతి ఇంకా తరవాత. దాని రెండు పలకలూ నాలుకకు అటూ ఇటూ నిలువుగా వేలాడుతూ ఉంటాయి. నాలుక దిగి చోటిస్తే అవి లేచి, అడ్డంగా తిరిగి, నడిమిన కలుసుకుంటాయి. పన్నెండో వారానికి ఆ పనీ పూర్తవుతుంది.

పాఠకులు తమ ముక్కు కింద వేలు పెట్టి చూసుకోవచ్చు. నడుమ ఒక గాడీ, గాడికి రెండు పక్కలా రెండు గట్లూ తగులుతాయి. ఇంచుమించు ఆ గట్ల వెంబడే మనందరి పెదవులూ అతికాయి. మొర్రి ఉండేది కూడా అక్కడే. అంచేత మొర్రిని తెగిన పెదవి అనటం పొరపాటు. అది కలవని పెదవి. ఆరో వారానికి ముందు ప్రతి మనిషికీ పెదవి అట్లాగే ఉన్నది. కొందరి విషయంలో కలయిక పూర్తి కాలేదు, అంతే.

ఇప్పుడు లెక్క వేద్దాం. బిడ్డ గర్భంలో ఉండేది సుమారు 266 రోజులు. నేను అక్టోబరు మూడో వారంలో పుట్టాను గనక నా పిండం ఏర్పడింది జనవరి చివర. పెదవి కలవవలసిన గడువు మార్చి మూడో వారానికి ముగిసింది. అంగిలి గడువు ఏప్రిల్లోనే దాటిపోయింది. జూన్ 20న మా అమ్మ వంకాయ కోసేనాటికి కొయ్యటానికి కలిసిన పెదవే లేదు. అసలు నా పెదవి సంగతి తేలిపోయే రోజులకు తాను గర్భవతినన్న సంగతి ఆమెకు గట్టిగా తెలిసి ఉండదు.

మొర్రికి గ్రహణం కారణమనే నమ్మకం ఇంతకాలం ఎందుకు నిలిచిందంటే, దాన్ని అబద్ధమని తేల్చగల అనుభవం ఎవరికీ దొరకదు గనక. సూర్యుడు సుమారు 173 రోజులకు ఒకసారి చంద్రుడి దారిలోని ఛేదబిందువుల దగ్గరికి వస్తాడు. మన జ్యోతిష గణితం రాహువు, కేతువు అన్నది ఆ బిందువులనే. అట్లా వచ్చిన ప్రతిసారీ భూమి మీద ఎక్కడో ఒకచోట సూర్యగ్రహణం ఒకటైనా పట్టక తప్పదు. తరచు చంద్రగ్రహణం కూడా దానికి తోడవుతుంది. 266 రోజుల గర్భంలో ఏదో ఒక గ్రహణం పడే తీరుతుంది. మొర్రి బిడ్డ పుట్టిన ఇంట్లో పంచాంగం తిరగేస్తే గ్రహణం దొరుకుతుంది. నిండు పెదవితో పుట్టిన బిడ్డ ఇంట్లో పంచాంగం ఎవరూ తిరగెయ్యరు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం తెలంగాణా మీదుగా పోయింది. అప్పటికి నేను ఉద్యోగంలో కొత్త. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాలలో శాస్త్రజ్ఞులు దుర్భిణులు అమర్చుకుని ఆకాశం చూస్తున్నారు. నేనున్న వీధిలో గర్భిణులను గదుల్లో పెట్టి, వొళ్లు గోక్కోకుండా కూడా కాపలా కాశారు.

ఈ మూఢత్వం మన సొత్తే అనుకోవటం కూడా సరి కాదు. మెక్సికోలోనూ మొర్రిని గ్రహణానికి అంటగట్టారు. గ్రహణం వేళ గర్భిణులు లోహపు వస్తువు ఒకటి వొంటిమీద ఉంచుకునే ఆచారం అక్కడ ఉన్నది. ఇంగ్లీషువాళ్లు దీన్ని కుందేలు పెదవి అన్నారు. గర్భిణికి కుందేలు ఎదురుపడటమే కారణమని వాళ్ల పల్లెల్లో నమ్మారు. దేశాలు వేరైనా ముద్దాయి ఒక్కతే.

ఎమ్మెస్సీలో ఉండగా ఈ లెక్కంతా మా అమ్మకు చెప్పాను. ఆమెకు చదువు రాదు. చేతి గాజులూ, కందిపప్పూ పెట్టి బొడిపెలు ఎట్లా కలుస్తాయో చూపించాను. అంతా విని, "అయితే నేను ఆ పూట వంకాయ కొయ్యకపోయినా నువ్విట్లాగే పుట్టేవాడివా?" అన్నది. "ఇట్లాగే పుట్టేవాణ్ణమ్మా" అన్నాను. చాలాసేపు ఊరుకుని, "ఆ ముక్క మీ నాయనమ్మ ఉన్నప్పుడు ఎవరైనా చెప్పొద్దూ!" అన్నది. మా నాయనమ్మ నేను కాలేజీలో చేరకముందే పోయింది. శాస్త్రం ఆలస్యంగా చేరటం వల్ల ఎవరికేం నష్టం అని అడిగేవాళ్లకు నేను ఇంతకన్నా జవాబు చెప్పలేను.

ఈ ఆలస్యం కొద్దిపాటిది కాదు. రక్తప్రసరణను నిరూపించిన విలియం హార్వే 1651లో జీవోత్పత్తిని గురించి గ్రంథం ప్రకటించాడు. మనిషి పిండంలో పై పెదవి నడుమ చాలా ఆలస్యంగా కలుస్తుందనీ, ఎంతోమంది మొర్రితో పుట్టటానికి అదే కారణమై ఉండాలనీ అందులో రాశాడు. వారాల లెక్క ఆయనకు తెలియకపోవచ్చు గాని దారి మాత్రం సరైనది. అది జరిగి 370 ఏళ్లు దాటింది.

మరి అంత ముందే దొరికిన సత్యం ఎందుకు పాతుకోలేదు? దానికి ఎదురుగా బలమైన సిద్ధాంతం ఒకటి ఉన్నది గనక. మనిషి మొదటినుంచీ పూర్తిగా తయారై ఉంటాడనీ, గర్భంలో జరిగేది పెరగటం మాత్రమేననీ ఆ సిద్ధాంతం అంటుంది. 1694లో హార్ట్‌సూకర్ అనే డచ్చివాడు శుక్రకణం తలలో మోకాళ్లు ముడుచుకు కూర్చున్న బుల్లి మనిషి బొమ్మ గీశాడు. మనిషి ఉన్నది అండంలోనని మరికొందరు వాదించారు. ఎక్కడ ఉన్నా ముందే ఉన్నాడనే విషయంలో రెండు పక్షాలకూ పేచీ లేదు.

మన దేశంలోనూ ఈ చర్చ జరిగింది. గర్భంలో మొట్టమొదట పుట్టే అవయవం ఏది అనే ప్రశ్న సుశ్రుత సంహిత శారీరస్థానంలో ఉన్నది. శౌనకుడు తల అన్నాడు, కృతవీర్యుడు హృదయం అన్నాడు, పారాశర్యుడు నాభి అన్నాడు, మార్కండేయుడు కాళ్లూ చేతులూ అన్నాడు, సుభూతి గౌతముడు మొండెం అన్నాడు. ధన్వంతరి అందరినీ కాదని, అన్నీ ఒక్కసారే పుడతాయనీ, సూక్ష్మంగా ఉండటం చేత కనిపించవనీ తీర్పు చెప్పాడు. మామిడికాయను ఉదాహరణగా చూపాడు. పండిన కాయలో పీచూ, కండా, టెంకా, జీడీ వేరువేరుగా కనిపిస్తాయి. పిందెలోనూ అవే ఉన్నాయి గాని కంటికి ఆనవు. ప్రశ్న అడగటమూ, ఒక్కొక్కరు తమ వాదం చెప్పటమూ ఆ కాలానికి మెచ్చుకోదగ్గ విషయాలు. కాని చివరకు నెగ్గింది ముందే ఉన్నదన్న వాదమే.

కాస్పర్ ఫ్రీడ్రిష్ వోల్ఫ్ 1759లో ఈ సిద్ధాంతాన్ని ఎదుర్కొన్నాడు. అవయవాలు ముందు ఉండవు, రూపం లేని పదార్థంలోంచి క్రమంగా ఏర్పడతాయి అన్నాడు. కోడిపిండంలో పేగు మొదట పలచని పొరగా ఉండి, ముడుచుకుని గొట్టమవుతుందని తరవాత చూపించాడు. ఎంగెల్స్ "ప్రకృతి గతితర్కం"లో వోల్ఫ్‌ను పేరు పెట్టి చెప్పటానికి కారణం ఉన్నది. ప్రకృతిలో ఏదీ మొదటినుంచీ ఒకేలా ఉండదనే భావానికి ఆనాడు పడిన పునాదుల్లో వోల్ఫ్ పని ఒకటి. మా ప్రయోగశాలలో 24 గంటల, 48 గంటల, 72 గంటల కోడిపిండాలను వరసగా సూక్ష్మదర్శిని కింద పెట్టి చూపించేవాణ్ణి. నిన్న లేని గుండె నేడు ఉండటం కళ్లతో చూసిన విద్యార్థికి ఈ వాదం మళ్లీ చెప్పనక్కర ఉండదు.

ఈ పాత తగవుకూ మా ఇంటి తగవుకూ సంబంధం ఉన్నది. మనిషి ముందే పూర్తిగా తయారై ఉన్నట్టయితే, లోపంతో పుట్టిన బిడ్డ చెడగొట్టబడిన బిడ్డ అవుతాడు. చెడగొట్టినవాళ్లెవరు అనే ప్రశ్న వెంటనే వస్తుంది. బిడ్డను మోసినది తల్లి గనక వేలు ఆమె వైపే తిరుగుతుంది. మనిషి క్రమంగా ఏర్పడతాడని వొప్పుకుంటే ప్రశ్న మారిపోతుంది. అప్పుడు ఏర్పడటానికి ఏ పరిస్థితులు కావాలి, అవి ఎవరి చేతుల్లో ఉన్నాయి అని అడగవలసి వస్తుంది.

ప్రపంచం మొత్తం మీద సుమారు 700 నుంచి 1000 జననాలకు ఒకరు మొర్రితోనో, అంగిలి చీలికతోనో పుడుతున్నారు. ఇందులో వంశపారంపర్య జన్యువుల వాటా స్పష్టంగానే ఉన్నది. కాని ఒకే జన్యువులు గల కవలల్లో ఒకరికి మొర్రి ఉండి రెండోవారికి లేకపోవటమూ తరచు చూస్తాం. మూర్ఛకు వాడే మందులు కొన్ని, తల్లికి ఉన్న మధుమేహం, పొగాకు పొగ కూడా ముప్పును పెంచుతాయి. జన్యువులే సర్వస్వమనే వాదానికి ఇక్కడ చోటు లేదు. పరిస్థితులే సర్వస్వమనే వాదానికీ లేదు. ఈ రెండో మాట మన పక్షంవారు ప్రత్యేకంగా జ్ఞాపకం ఉంచుకోవాలి. 1948లో సోవియట్ యూనియనులో జన్యుశాస్త్రాన్ని బూర్జువా శాస్త్రమని తోసిపుచ్చితే, ఆ దేశపు జీవశాస్త్రం చాలాకాలం కోలుకోలేదు.

పరిస్థితుల బలం ఎంతటిదో థాలిడోమైడ్ చూపించింది. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి పెట్టిన నిద్రమందు అది. గర్భిణుల వేవిళ్లకూ వాడారు. 1961 చివర దాన్ని ఉపసంహరించుకునేలోగా పదివేలమందికి పైగా బిడ్డలు చేతులూ కాళ్లూ సరిగా ఏర్పడకుండా పుట్టారు. మందు వేసుకున్నది సుమారు 20వ రోజుకూ 36వ రోజుకూ మధ్య అయితే చాలు. అక్కడ కోత కోసినది గ్రహణం కాదు, సరిగా పరీక్షించకుండా సరుకు అమ్ముకున్న వ్యాపారం.

దీనికి రెండో పక్క కూడా ఉన్నది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞురాలు బొంబాయి వచ్చి, గర్భిణులలో వచ్చే తీవ్రమైన రక్తహీనతను పరిశోధించింది. ఆ జబ్బు పేదస్త్రీలలో, ముఖ్యంగా బట్టల మిల్లుల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువ. తిండిలో ఏదో లోపించిందనీ, ఈస్టు సారం ఇస్తే రక్తం పడుతున్నదనీ ఆమె 1931లో ప్రకటించింది. ఆ లోపించిన పదార్థాన్ని 1941లో పాలకూరవంటి ఆకులోంచి వేరు చేసి ఫోలిక్ ఆమ్లమన్నారు. 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో దాన్ని కృత్రిమంగా తయారు చేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. తల్లికి ఫోలిక్ ఆమ్లం ముందుగా అందితే బిడ్డ నాడీనాళం మూసుకోకపోవటమనే ఘోరలోపం చాలావరకు తప్పుతుందని 1991లో ప్రకటించిన బ్రిటనువారి పరీక్ష రుజువు చేసింది. అంతకుముందు అట్లాంటి బిడ్డను కన్న తల్లుల్లో ముప్పు సుమారు 70 శాతం తగ్గింది. మొర్రి విషయంలో సాక్ష్యం ఇంత గట్టిది కాదు. వెన్ను విషయంలో మాత్రం సందేహం లేదు.

అయితే ఆ నాడీనాళం 28వ రోజుకే మూసుకుంటుంది. చాలామంది స్త్రీలకు గర్భం సంగతి అప్పటికి తెలియనే తెలియదు. పేరు రాయించుకుని, ఆసుపత్రికి పోయి, మాత్రలు తెచ్చుకునేసరికి రెండో నెలో మూడో నెలో నడుస్తుంటుంది. పిండం ప్రభుత్వపు తేదీల కోసం ఆగదు. కాబట్టి తిండీ మందూ గర్భం రాకముందే స్త్రీకి అందాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశపు గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. 2017లో చట్టం సవరించి ప్రసూతి సెలవు 26 వారాలు చేశారు. చేలో మిరపకాయలు కోసే కూలిమనిషికి ఆ చట్టం వర్తించలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. గ్రహణం పోయి ఆ స్థానంలో ఆహారం వచ్చి కూర్చునే అవకాశం ఉన్నది. "నువ్వు ఆకుకూర తినలేదు, అంచేత బిడ్డ ఇట్లా పుట్టాడు" అంటే అదీ పాత తీర్పే, శాస్త్రం వేషం వేసుకున్నదంతే. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది తినేది కోడలైన చోట, ఆమె కంచంలో ఏముండాలో నిర్ణయించేది ఆమె కాదు. ఆమె కూలి రేటూ ఆమె నిర్ణయించదు. అట్లాగే నగరాల్లో గర్భసంస్కారం పేరుతో, కడుపులో బిడ్డకు శ్లోకాలు వినిపిస్తే మేధావి పుడతాడని డబ్బు పుచ్చుకుంటున్నారు. అభిమన్యుడి కథ అందుకు ఆసరా. ఆరో నెల దాటాక బిడ్డ చెవికి శబ్దం అందుతుంది, పుట్టిన బిడ్డ తల్లి గొంతు గుర్తుపడుతుంది, ఇవి నిజాలు. గుర్తుపట్టేది గొంతు తీరునే గాని పద్మవ్యూహాన్ని కాదు. ఈ వ్యాపారంలోనూ బిడ్డ మేధావి కాకపోతే తప్పు సరిగా వినిపించని తల్లిదే అవుతుంది.

గ్రహణం మొర్రి అనే మాటను నిఘంటువులోంచి కొట్టెయ్యమని నేను అనను. మాటలు అట్లా పోవు. పిండశాస్త్రం పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఆ మాటను తరగతిలోకి తెచ్చి, దాని పక్కన నాలుగో వారం, ఏడో వారం, పన్నెండో వారం అని రాయాలి. విద్యార్థులు ఆ లెక్క తమ ఇళ్లకు తీసుకుపోవాలి. లోపంతో పుట్టిన బిడ్డలను గుర్తించి వైద్యం చేయించే పథకాన్ని 2013లో దేశమంతటా మొదలుపెట్టారు, మొర్రి కూడా అందులో ఉన్నది. పెదవి కుట్టటానికి ఇవాళ మూడు నుంచి ఆరు నెలల వయసు చాలు, పదకొండేళ్లు ఆగనక్కర లేదు. మొర్రి బిడ్డ పుట్టిన ఇంట్లో ఎవరైనా గ్రహణం సంగతి ఎత్తితే, అది ఏ నెలలో పట్టిందని అడగండి. చాలా ఇళ్లల్లో ఆ ఒక్క ప్రశ్నతో తల్లి మీది నేరం కొట్టుబడిపోతుంది. మిగిలిన ఇళ్లల్లోనూ, పెదవి కలిసే వారాల్లోనే గ్రహణం పట్టిందనుకున్నా, ఆకాశంలో నీడకు గర్భంలోని కణాలను ఆపే దారి లేదని చెప్పండి. ఆ తరవాత ఆమె ఏం తిన్నది, ఎంత కూలి వచ్చింది, ఏ మందు ఎవరిచ్చారు అనే ప్రశ్నలు మిగులుతాయి. అవి ఆ తల్లిని అడగవలసిన ప్రశ్నలు కావు.